లేపుడు దెబ్బ

బావ పోయాడన్న కబురు మంగళవారం పొద్దున్న ఫోన్‌లో వచ్చింది. బావ కూతురు మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం పెట్టింది, అదీ ఇంగ్లీషులో. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు బంటింగ్‌లో డయాలిసిస్‌కి వెళ్తున్న మనిషి, ఆ రోజూ బయల్దేరబోతూ చెప్పులు వేసుకోవడానికి వంగి గడప మీదే కూలబడ్డాడట. నేను అప్పుడు కౌలాలంపూర్ ట్రాఫిక్‌లో ఉన్నాను. వెనక కారువాడు హారన్ కొడుతున్నా కదల్లేకపోయాను. దుఃఖం వల్లేనని రాసుకుంటే గౌరవంగా ఉంటుంది. కాని నాకు మొదట తట్టింది ఏడుపు కాదు. ఈయన్ని క్షమించమని నేను ఒక్కసారి కూడా అడగలేదే, ఇక అడగడానికి మనిషే లేడే అని.

సాయంత్రానికల్లా ఇంటర్నెట్ నిండా ఆయన ఫోటోలే. 'మలేషియా హిప్ హాప్ మూలపురుషుడు' అని ఒకడు, 'లెజెండ్' అని ఇంకొకడు. బతికున్నన్నాళ్లూ ఆ మూలపురుషుడు గ్లవ్స్ ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ తోలుతుంటే వీళ్లలో ఒక్కడూ గేటు దగ్గరికి వచ్చి పలకరించలేదు. ఇప్పుడు మన తెలుగు సంఘం వాళ్లు కూడా నాకు ఫోన్ చేసి, "మీరు బావాబావమరుదులు, కలిసి పాడినవాళ్లు, పత్రికకి రెండు పేజీలు రాయండి" అన్నారు. రాస్తున్నాను. మహనీయుడు, కళామతల్లి ముద్దుబిడ్డ లాంటి మాటలు మాత్రం నా దగ్గర్నుంచి ఆశించకండి.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. తొంభైల మధ్యలో మాది ముగ్గురి గుంపు, పేరు 'లైన్ సిక్స్'. బంటింగ్ దగ్గర పామాయిల్ తోటలో కూలీల ఇళ్లు వరసలుగా ఉండేవి, వాటిని లైన్లు అనేవాళ్లం. బావ వాళ్లది ఆరో లైను. బావ రాసేవాడు, పాడేవాడు. ఒక తమిళ స్నేహితుడు కీబోర్డు వాయించేవాడు. నేను శబ్దాలు పోగుచేసి తాళానికి పేర్చేవాణ్ని, మధ్యమధ్య నాలుగు ముక్కలు పాడేవాణ్ని. మా మొత్తం జీవితంలో ఒక్కటే ఆల్బం, పది పాటల క్యాసెట్, పేరు 'గేటు'. ఆ పేరెందుకని స్నేహితుడు అడిగితే బావ అన్నాడు, "తెలుగోడికీ గేటే, తమిళోడికీ గేటే, మలయోడికీ గేటే, దొరకీ గేటే. మూస్తే అందరికీ ఒకటే, లా." మాటకి చివర ఆ 'లా' అనే మలయ్ తోక తగిలించకపోతే మాకెవరికీ మాట పూర్తయినట్టుండదు.

క్యాసెట్ అట్ట మీద బొమ్మ ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో, తోట గేటు ముందు, మోకాళ్ల దాకా జారే బాస్కెట్‌బాల్ చొక్కాలు వేసుకుని ముగ్గురం ముఖాలు మాడ్చుకుని నిలబడ్డాం. మాలో ఒక్కడూ పుట్టి బుద్ధెరిగి బాస్కెట్‌బాల్ ముట్టుకోలేదు. ఫోటో తీసేవాడు కోపంగా చూడమన్నాడు. కోపానికి మాకేం కొదవ, తోట అమ్మేస్తున్నారని అప్పటికే చెప్పుకుంటున్నారు.

బావ మా మేనత్త కొడుకు. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఫోన్ ఎత్తగానే 'హలో' అనేవాడు కాదు. "ఏట్రా, బతికున్నావా?" అనేవాడు. పాటలు ఫ్యాక్టరీ అట్టపెట్టెల వెనక రాసేవాడు. పెట్టెలు చింపి, సమంగా కత్తిరించి, రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టేవాడు. పెన్ను మూత పోతే ఊరుకునేవాడు కాదు, మా అందరినీ లేపి వెతికించేవాడు. మోటారు సైకిల్ ఎప్పుడూ రోడ్డు వైపు ముఖం పెట్టి ఆపేవాడు. పాడేటప్పుడు కళ్లు మూసుకునేవాడు కాదు, ఎదుటివాడి నోటి వైపు చూసేవాడు. "మైకు ముందర అబద్దం ఆడితే జనానికి తెలీకపోవచ్చు గాని, మైకుకి తెలుస్తాదిరా" అని ఆయన మాట. నేను దాన్ని వెటకారం చేసేవాణ్ని. మైకుకి చెవులుంటాయి గాని నోరుండదు కదా బావా, ఎవరికి చెబుతుంది అని.

ఇక మావయ్య సంగతి చెప్పకుండా బావ సంగతి చెప్పలేను. బావ తండ్రి, నాకు మావయ్య, తోటలో గెలలు కోసేవాడు. ఎవరైనా పోతే డప్పు కొట్టేవాడు. తెలుగువాళ్లింట్లో చావైనా తమిళులింట్లో చావైనా ఆయనకే కబురు. మా నాన్న ఆయనకి స్వయానా బావమరిది. కాని నాలుగక్షరాలు చదువుకుని తోట ఆఫీసులో కిరాణీ, అంటే ఇస్త్రీ చొక్కా గుమాస్తా, అయ్యాడు. మావయ్య మెడలో డప్పు వేసుకుని వస్తుంటే మా నాన్న వీధికి అటు వైపు మారేవాడు. ఆ ఇస్త్రీ చొక్కా ఇంట్లో పెరిగాను నేను.

మావయ్య దగ్గర మూడు దెబ్బలుండేవి. ఒకటి కబురు దెబ్బ, చావైందని లైన్లన్నిటికీ తెలియడానికి. రెండోది నడక దెబ్బ, దారి పొడుగునా కొట్టేది. మూడోది లేపుడు దెబ్బ. శవాన్ని ఇంటి ముందు నుంచి భుజాల మీదికి ఎత్తే ఆ ఒక్క నిమిషం కొట్టేది. మొదటి రెండూ మేం పిల్లలం రేకు డబ్బాల మీద కొట్టినా ఎవరూ తిట్టేవాళ్లు కాదు. మూడోది ఎవరూ సాధన కూడా చేయరు. మావయ్య కూడా చేసేవాడు కాదు. ఆ దెబ్బ ఏ గుమ్మం ముందు మోగితే ఆ గుమ్మంలోంచి ఒక శవం లేవాల్సిందే అని నమ్మకం. డప్పుని ఇంట్లోకి కూడా తెచ్చేవాడు కాదు. ఇంటి వెనక చూరు కింద మేకుకి వేలాడేది.

నాకు ఆ మూడో దెబ్బ మీద మోజు. అమెరికా క్యాసెట్లు విని విని చెవులు దిబ్బడేసుకున్న నాకు, అంతకు మించిన తాళం మా ఆరో లైన్లోనే ఉందని అర్థమైంది. అదొక్కటే నేను సరిగ్గా అర్థం చేసుకున్న విషయం. బావని అడిగాను, మావయ్యతో చెప్పి కొట్టిస్తావా అని.

"మతి పోనాదేట్రా?" అన్నాడు. "మా అయ్య కొట్టేది ఆట గాదు. నడక దెబ్బ కావాలంటే అడుగుతాను. ఆ దెబ్బ మాత్రం వొద్దు."

వినలేదు. తరవాతి నెల మూడో లైన్లో ఒక ముసలమ్మ పోయింది. భుజానికి తగిలించుకున్న సంచిలో టేప్ రికార్డరు పెట్టుకుని వెళ్లాను. జనమంతా ఏడుస్తుంటే నేను మైకు ఎటు తిరిగిందో చూసుకుంటూ నిలబడ్డాను. ఆ ముసలమ్మ చిన్నప్పుడు నాకు మురుకులు పెట్టేది. ఆ రోజు ఆవిడ ముఖం చూశానో లేదో కూడా గుర్తు లేదు, మావయ్య డప్పు మాత్రం ఒక్క దెబ్బ పోకుండా దొరికింది.

క్లాంగ్‌లో అద్దె స్టూడియోలో ఆ ముక్కని కత్తిరించి, మళ్లీ మళ్లీ తిరిగేలా చేసి, మూడో పాట కింద పరిచాను. బావ షిఫ్టు దిగి వచ్చేసరికి పాట తయారుగా ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. చివరిదాకా విన్నాడు. తీసి బల్ల మీద పెట్టి, "ఎవులి సావులో కొట్టినాడు ఇది?" అని అడిగాడు. చెప్పాను. "తీసీరా" అన్నాడు. స్టూడియో టైము అయిపోతోంది బావా, పాటంతా దాని మీదే కట్టాను, తీస్తే ఏమీ మిగలదు అన్నాను. కీబోర్డు స్నేహితుడు కూడా బతిమాలాడు. బావ మళ్లీ విన్నాడు. దెబ్బ అంత బాగుంది, తండ్రి చేతిది కూడాను. ఆయన మెత్తబడిపోయాడు. "సరే గాని, మా అయ్యకి ముందు నాను సెప్పుకుంటాను. ఆయన ఇనకముందు ఎవులూ ఇనకూడదు" అని అట్టముక్క తీసుకుని అక్కడికక్కడే రాశాడు. ఆ పది పాటల్లో ఇవాళ జనం గుర్తు పెట్టుకున్నది ఆ ఒక్క పాటే.

బావ తండ్రికి ఎలా చెప్పాలా అని వెనకాడుతుండగానే క్యాసెట్ కొట్లకి వచ్చేసింది. క్యాసెట్ వచ్చిన వారానికి తోటలో కూలీల మేస్త్రీ అయిన తెలుగు కంగాణీ గారింట్లో పెళ్లి. పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి నలుగు పెడుతున్నారు. మన ఊరి కుర్రాళ్ల క్యాసెట్ అని గొప్పగా, పందిట్లో పెద్ద స్పీకర్లకి ఎవరో 'గేటు' తగిలించారు. మొదటి రెండు పాటలకీ పిల్లలు గెంతారు. మూడో పాట మొదలైంది. పసుపు ముద్ద చేతిలో పట్టుకున్న ముసలావిడ ఒకామె అలాగే లేచి నిలబడిపోయింది. "పెల్లింట్లో సావు లేపతన్నారర్రా!" అని అరిచింది. ఎవరో తీగ పీకేశారు. అప్పటికే ఆ దెబ్బ ఆరు లైన్లకీ వినపడింది. అప్పటికే మంచం పట్టి ఉన్న పెళ్లికూతురి తాత ఆ నెలలోనే పోయాడు. ఎలాగూ పోయేవాడే. ఆ మాట అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఆ సాయంత్రం పెద్దలు ఆరో లైన్‌కి వచ్చారు. మావయ్య ఇంటి ముందు నిలబడ్డాడు. పక్కన అత్త. బావ, నేను గోడకి ఆనుకుని ఉన్నాం. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మావయ్య బావ వైపు కాదు, మా ఇద్దరి మధ్యకి చూస్తూ అడిగాడు.

"నా సేతి దెబ్బ అమ్మకానికి పెట్టినోడు ఎవుడు?"

బావ నా వైపు ఒక్కసారి చూశాడు. నేను చెబుతానేమోనని ఎదురుచూశాడు. ఎంతసేపని అడిగితే చెప్పలేను. ఊపిరి పీల్చి వదిలేంత. నా నోరు లేవలేదు. నాకు అప్పుడే కాలేజీలో సీటు వచ్చింది, మా నాన్న ఆఫీసు బల్ల, ఇస్త్రీ చొక్కా, అవన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"నానే" అన్నాడు బావ.

మావయ్య ఇంటి వెనక్కి వెళ్లి, డప్పు దించి, కొడవలితో తోలు అడ్డంగా కోశాడు. ఆ తరవాత ఆ తోటలో ఏ చావుకీ ఆయన వెళ్లలేదు.

ఆ రాత్రి మా నాన్నకి నిజం చెప్పాను. ఆయన అన్నం తింటూ విన్నాడు. చేయి కడుక్కుని, మలయ్ కలిపి అన్నాడు, "వాడు ఒప్పుకున్నాడు గదా. సుడా, అయిపోయింది. ఒక కుటుంబంలో ఒక్కడు చెడ్డపేరు మోస్తే చాలు." నేను ఆ మాటని తండ్రి ఆజ్ఞ అనుకుని భద్రంగా దాచుకున్నాను. పిరికివాడికి ఆజ్ఞలంటే ఎంత ఇష్టమో!

కొట్లవాళ్లు క్యాసెట్లు తిప్పి పంపేశారు. గుంపు చెదిరింది. కీబోర్డు స్నేహితుడు జొహోర్ వైపు వెళ్లిపోయాడు. నేను చదువుకుని కౌలాలంపూర్‌లో ప్రకటనలకి సంగీతం చేసే పనిలో చేరాను. సబ్బులకీ బిస్కెట్లకీ పాటలు కట్టాను, బాగా బతికాను. తోట అమ్మేశారు, లైన్లు కూల్చేశారు, బావ వాళ్లు బంటింగ్‌లో లిఫ్టు లేని మెట్ల ఫ్లాటుకి మారారు. బావ మళ్లీ ఒక్క పాట రాయలేదు. రాయలేదంటే అట్టముక్కల మీద రాయలేదు. ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చుని పెదవులు కదుపుతూ ఉండేవాడని ఆయనతో పనిచేసినవాళ్లు చావింట్లో చెప్పారు.

మావయ్య ఆ తరవాత ఇరవై ఏళ్లు బతికాడు. ఒకే ఇంట్లో, కొడుకుతో ఒక్క మాట లేకుండా. అబద్ధం కాదు, నేను పండక్కి వెళ్లినప్పుడల్లా చూశాను. బావ ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, మావయ్య అత్త వైపు తిరిగి, "ఆడ్ని అన్నం తినమను" అనేవాడు. బావ కూడా అత్తతోనే, "అయ్యకి మాత్తర ఏసుకోమను అమ్మా" అనేవాడు. మూడడుగుల దూరం. మధ్యలో అత్త. ఆవిడ ఒకరి మాట ఇంకొకరికి మళ్లీ పలికేది, వాళ్లకి వినపడనట్టు. మావయ్యకి చివర్లో చూపు పోతే ఆయనకి గడ్డం గీసింది బావే. గీసేటప్పుడూ మాట లేదు. నేను ఆ గదిలో కాఫీ తాగుతూ కూర్చునేవాణ్ని. నన్ను మావయ్య ఎంత ప్రేమగా పలకరించేవాడో చెప్పమంటారా? వద్దు.

మావయ్య పోయినప్పుడు డప్పు వద్దని ముందే చెప్పి పోయాడు. కుర్రాళ్లు పిలిపించిన మేళంవాళ్లని బావ మెట్ల కింది నుంచే దండం పెట్టి పంపేశాడు. ఆయన్ని చప్పుడు లేకుండా లేపారు. అన్నాళ్లు ఊరందర్నీ లేపిన మనిషిని.

ఇంతవరకూ నాది పిరికితనం. ఇక ముందుది దానికంటే తక్కువ జాతిది.

కొన్నేళ్ల కిందట ఈ కాలపు కుర్రాళ్లు మా క్యాసెట్‌ని ఎక్కడో తవ్వి తీశారు. మూడో పాట వాళ్లకి పిచ్చిగా నచ్చింది. ఒక పాడ్‌కాస్ట్ వాడు నన్ను స్టూడియోకి పిలిచి, "ఆ డప్పు ఆలోచన ఎవరిది సార్?" అని అడిగాడు. నేను నవ్వి, కుర్చీలో వెనక్కి జారగిలబడి, "నాదే" అన్నాను. సంచిలో రికార్డరు దాచిన కథ రసవత్తరంగా చెప్పాను. వాడు చప్పట్లు కొట్టాడు. పెళ్లింటి సంగతి చెప్పలేదు. నింద పంచేటప్పుడు నోరు పెగలని నేను, పేరు పంచేటప్పుడు పాతికేళ్ల నాటి నిజాన్ని తడుముకోకుండా చెప్పేశాను.

మర్నాడు బావ ఫోన్ చేశాడు.

"ఏట్రా, బతికున్నావా?"

"ఆఁ బావా."

"పిల్ల సూపించినాది ఆ వీడియో. బాగా మాటాడినావు." వెనకాల ఫ్యాక్టరీ చప్పుడు. "మా అయ్య పోయి ఏడేళ్లయిపోనాది గదా. అప్పుడొచ్చుంటే ఆయనకి ఇనిపించుందును, లా."

అంతే. కోపం లేదు. తిట్టలేదు. నేను ఏదో అనబోయాను, షిఫ్టు గంట మోగిందని పెట్టేశాడు. ఆ తరవాత కూడా పండక్కి రమ్మన్నాడు, వెళ్లాను, తిన్నాను, నవ్వాను. డయాలిసిస్ మొదలయ్యాక ఒకసారి తోడు వెళ్లాను. యంత్రం పక్కన నాలుగు గంటలు కూర్చుని ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకున్నాం. చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం భగవంతుడు కూడా ఇవ్వలేడు. పారిపోలేని మనిషి, తీరిక ఉన్న నేను. ఫుట్‌బాల్ గురించే మాట్లాడాను.

పదకొండో రోజు కర్మకి వెళ్లాను. జనం తిని వెళ్లిపోయారు. అక్క, అంటే బావ భార్య, లోపల గిన్నెలు సర్దుతోంది. అత్త ముందు గదిలో చాప మీద కూర్చుని, ఎవరికైనా ఇవ్వడానికి బావ బట్టలు మడత పెడుతోంది. ఆవిడకి ఎనభై దాటాయి, చేతులు మాత్రం ఇంకా వణకవు. దగ్గర కూర్చుని నేనూ మడత పెట్టడం మొదలుపెట్టాను. నీలం ఫ్యాక్టరీ చొక్కాలు, జేబు మీద పేరు కుట్టినవి. నాలుగైదు మడిచాక, "అత్తా, ఆ డప్పు దెబ్బ దొంగతనంగా పట్టింది బావ కాదు, నేను" అన్నాను. మొత్తం చెప్పాను, సంచి, ముసలమ్మ చావు, స్టూడియో. బావ వద్దన్నాడని కూడా చెప్పాను.

ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉంది.

"మరి ఆ దినం మావ అడిగినప్పుడు నువ్వెక్కడున్నావురా?"

"అక్కడే అత్తా. బావ పక్కనే, గోడకి ఆనుకుని."

ఆవిడ తల ఊపింది, ఆ గోడని మనసులో చూస్తున్నట్టు. ఆ గోడకి ఆనుకున్న రెండోవాడెవడో ఇప్పుడు చూస్తోంది.

"మా తమ్ముడికి తెలుసా?"

మా నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు మీద ఒక అబద్ధం ఆడితే ఎవరికీ నష్టం లేదు. ఆడదామనే అనుకున్నాను.

"తెలుసత్తా. ఆ రాత్రే చెప్పాను."

"ఇరవై ఏళ్లురా," అంది అత్త. గొంతు పెంచలేదు. "ఇరవై ఏళ్లు ఆ ఇద్దరి మద్దిని మాటలు మోసినాను. ప్రతి పండక్కీ మీ నాన్నా వచ్చినాడు, నువ్వూ వచ్చినావు. నా సేత్తో వొడ్డించినాను."

తిడుతుందేమోనని చూశాను. పొమ్మంటే పోదామని కూడా చూశాను. ఆవిడ చేతిలో చొక్కా పూర్తిగా మడిచి పక్కన పెట్టింది. తరవాత చెయ్యి చాచి, నేను మడిచిన చొక్కాలు తన వైపు లాక్కుంది. ఒక్కొక్కటీ విప్పి, ఒళ్లో పరుచుకుని, అరచేత్తో నిమిరి, మళ్లీ మొదట్నుంచీ తనే మడవడం మొదలుపెట్టింది.